రాగమా, అర్థమా? బళ్ళారి రాఘవగారి నటజీవితము

బళ్ళారి రాఘవగారిని గూర్చి మనవారు చెప్పుకొను మాటలు చిరకాలమునుండి స్థిరపడి యున్నవి. ఆయన మహానటుడు, తెలుగునాట సహజనటనమునకు ఆద్యుడు, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి మన రంగస్థలమునకు స్త్రీలను దెచ్చినవాడు. జయంతిసభలలో ఈ మూడు వాక్యములును తప్పక వినబడును. 1981లో ఆయన స్మారకముగా తపాలాబిళ్ళ వెలువడినది. ఆయన పేరిట నటులకు పురస్కారము లీయబడుచున్నవి. గౌరవమునకు లోపము లేదు. లోపించినది విమర్శనము. ఆ మూడు వాక్యములలో మొదటిదానిని పెద్దల సాక్ష్యముపై నమ్మవలసినదే కాని, ఆయన రంగస్థల నటనమును కన్నులార చూచి మనము నిర్ణయింపజాలము. రెండవది సగము సత్యము. మూడవది, సాధారణముగా చెప్పు రీతిని చెప్పినచో, సత్యము గాదు. ఈ మాట యనుట ఆయనను చిన్నబుచ్చుటకు గాదు. ఆయన నిజముగా తలపెట్టిన పని యీ పొగడ్తలకంటె కష్టమైనది. అది యెట్టిదో వెదకుటయే నా యుద్దేశము.

రాఘవాచార్యులవారు 1880లో తాడిపత్రిలో జన్మించిరి. తండ్రిగారు బళ్ళారిలో తెలుగు పండితులు. బాలుడు పెరిగినది ఆ యూరనే. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, పిదప న్యాయశాస్త్రము చదివి, బళ్ళారిలోనే న్యాయవాదవృత్తి నవలంబించి, ప్రభుత్వ న్యాయవాదిగ గూడ పనిచేసిరి. రావుబహదూరు బిరుదమును వచ్చినది. నటుని జీవితమున సామాన్యముగా కనబడు మెట్లు గావివి. పగలు న్యాయస్థానమున వాదించి, రాత్రి రంగమున రాజులను రాక్షసులను ధరించిన మనుష్యుడాయన. ఈ రెండింటి పొత్తు ఆయన నటనమునకు మేలు చేసినది. ఆయన యాశయమునకు హద్దును గట్టినది. రెండవ సంగతి ముందు చెప్పెదను.

ఆయన జన్మించిన 1880వ సంవత్సరముననే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచే నాటకములాడించిరి. సంఘసంస్కారమును ఆధునిక నాటకమును తెలుగువారికి ఒకే గడపనుండి లోనికి వచ్చినవనుట అతిశయోక్తి గాదు. కాని గోదావరితీరమున మొలచినది బళ్ళారిలో వేఱొక రీతిగ పెరిగెను. బళ్ళారి అప్పుడు చెన్నపురి రాజధానిలోని జిల్లా ముఖ్యపట్టణము. వీధిలో తెలుగును కన్నడమును కలసి నడచెడి యూరు. అందు ఇద్దఱు న్యాయవాదులు రెండు నాటకసభలను నడపిరి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారిది సరసవినోదినీ సభ; కోలాచలము శ్రీనివాసరావుగారిది సుమనోరమ సభ. ఈ సరసవినోదినీ సభవారు 1891లో చెన్నపురికి పోయి యాడిన నాటకములను చూచి ఉత్సాహము పొందిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఆ యేటనే సుగుణవిలాస సభను స్థాపించిరి. ఆధునిక తమిళ నాటకమునకు ఒక దీపము బళ్ళారి తెలుగువారి దీపమునుండి వెలిగినదని మనవారిలో పలువురెఱుగరు.

ఆ రామకృష్ణమాచార్యులవారు రాఘవగారికి మేనమామ. ఆంధ్రనాటక పితామహుడని ఆయనకు పేరు. 'చిత్రనళీయము', 'విషాదసారంగధర', 'ప్రహ్లాద' మొదలగునవి ఆయన నాటకములు. నాటకమునందు పద్యములను పాటలను రాగయుక్తముగా పాడించు పద్ధతిని మనకు మప్పినవారిలో ఆయనే ముఖ్యులు. సంస్కృత నాటకమర్యాదను దాటి విషాదాంతమును తెలుగు రంగమున నిలిపిన ధీరుడును ఆయనయే. కావున మేనమామ వేసిన బాటలోనే మేనల్లుడు నడచెనని మనము వాడుకగా చెప్పుకొనుచున్నాము. నాకట్లు తోచదు. మేనమామ దెచ్చిన రాగమును మితిమీరకుండ పట్టి నిలుపుటకే మేనల్లుని జీవితములో సగము వ్యయమైనది. ఒక యింటిలోనే పుట్టిన యీ వాదమును గమనింపనిచో రాఘవగారి నటనమునకు అర్థమే లేదు.

రాగమువలన వచ్చిన కీడేమి? మొదట ఏమియు లేదు. నాలుగువేలమంది కూర్చున్న పందిరిలో, ధ్వనివర్ధక యంత్రములు లేని కాలమున, మాటకంటె పాట దూరము పోవును. పద్యమును ఎత్తిన గొంతుతో రాగముపై నిలిపినచో చివరివరుసలోని రైతునకును వినబడును. ఇది యంత్రము లేని కాలపు యంత్రము. కాని క్రమముగా పద్యము పాత్రను విడిచి నటుని సొత్తైపోయెను. ఏ కృష్ణుడు ఏ రాగమును ఎంతసేపు సాగదీయగలడను పందెము బయలుదేరెను. హార్మోనియము రంగమధ్యమునకు ఎక్కెను. 'వన్స్ మోర్' అను కేక సభామర్యాద యయ్యెను. తరువాత కాంట్రాక్టు నాటకములు వచ్చెను: ఊరికొక ప్రసిద్ధ నటుని చొప్పున పిలిపించి, ఒకనాడైనను కలసి అభ్యాసము చేయనివారిని ఆ రాత్రియే రంగమున నిలుపుట. ఒకే నాటకమున మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు! మూడు గొంతులకు టిక్కెట్టు కొన్న ప్రేక్షకునికి కృష్ణుడెవడైనను ఒకటే. చచ్చిపడిన పాత్ర 'వన్స్ మోర్' విని లేచి, పద్యము మఱల పాడి, మఱల చచ్చినదను హాస్యకథను మన పెద్దలు చెప్పుకొనుట వినియే యుందురు. కథ నిజమో కాదో గాని, అట్టి కథ పుట్టుటకు తగిన నేల నిజముగానే యుండెను.

ఈ యలవాటు రంగస్థలముతో అంతరింపలేదని నేను వృత్తిరీత్యా ఎఱుగుదును. తొమ్మిదవ తరగతి బాలునిచే ఒక రాయబారపద్యము చదివింపుడు. గ్రామఫోను నుండి చలనచిత్రమునకు, అందుండి చేతిలోని యంత్రమునకు దిగివచ్చిన రాగమును పొల్లుపోకుండ అప్పగించును. చివరి యాలాపనముకూడ విడువడు. ఈ పద్యమున ఎవరు ఎవరితో ఏమి చెప్పుచున్నారని యడిగినచో మాత్రము తెల్లమొగము వేయును. బాలుని తప్పేమున్నది? నూఱేండ్లుగా పెద్దలును విన్నది రాగమే.

రాఘవగారు దీనికి చేసిన ప్రతిక్రియ సులభముగా చెప్పదగినదే. పద్యములను తగ్గించిరి. ఉంచిన పద్యమును రాగమునకై గాక భావమునకై పలికిరి. మాటకును మాటకును నడుమ మౌనమునకు చోటిచ్చిరి. విద్యార్థిదశలోనే షేక్స్పియరు సంఘమును స్థాపించి ఆంగ్లనాటకములాడిన ఆయనకు, వాక్యములోని అర్థము నటుని కంఠములో ఎక్కడ విఱుగవలెనో తెలియును. షైలాకు, ఒథెల్లో పాత్రలను ధరించినవాడు హరిశ్చంద్రుని పట్టినప్పుడు, ఈతడు ఈ క్షణమున దేనిని దాచుచున్నాడని అడుగక మానడు. న్యాయవాదవృత్తియు ఇందులకు తోడ్పడి యుండవలెను. సాక్షి చెప్పు మాటకును వాని మొగము చెప్పు మాటకును గల భేదమును చూచుటయే కదా ఆ వృత్తి.

దీనిని మనవారు సహజనటనమనిరి. సగము సత్యమని నేననుట ఇందువలననే. రాఘవగారికి కీర్తి దెచ్చిన పాత్రలేవి? హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, హరిశ్చంద్రుడు, రామదాసు, కబీరు, పఠాను రుస్తుము. హిరణ్యకశిపుని సహజముగా నటించుట యనగా నేమి? ఏ వీధిలో చూచితిమి వానిని? భరతాచార్యుడు లోకధర్మియని నాట్యధర్మియని రెండు మార్గములు చెప్పెను. లోకములో మనుష్యులు నడచురీతి మొదటిది. నాట్యమునకై కల్పించుకొన్న మర్యాద రెండవది. సహజనటనము పాశ్చాత్యులవద్ద అరువు దెచ్చుకొన్నదని నిందించువారును, పద్యమున్న నాటకమంతయు మోటు అని వెక్కిరించువారును భరతుని మఱచినవారే. పద్యము నాట్యధర్మి. దానిలో దోషము లేదు. కూచిపూడివారి కలాపములలో పాట పాత్రను మోయును. పాత్ర పాటను మోయదు. దోషము ఆ క్రమము తారుమారైనప్పుడే.

రాఘవగారు చేసినది నాట్యధర్మిని తీసివేయుట గాదు; దాని లోపల సాత్త్వికమును నిలుపుట. ఆంగికము, వాచికము, ఆహార్యము నేర్పవచ్చును, కొనవచ్చును, అద్దెకు తెచ్చుకొనవచ్చును. మన నాటకసమాజములకు కిరీటములు అద్దెకిచ్చు దుకాణములు ఊరూర నుండెను. మనస్సు ఏకాగ్రమై పాత్రయందు నిలిచినగాని కలుగని సాత్త్వికాభినయమును అద్దెకిచ్చు దుకాణము లేదు. కనుక ఆయన నటనమునకు తగిన పేరు సహజనటనము గాదు, అర్థనటనము. పదము కొత్తదైనచో చదువరులు మన్నింతురుగాక.

ఈ యర్థనటనమునకు గొప్ప పరీక్ష కోలాచలమువారి విజయనగర పతన నాటకమున జరిగినది. ఆ 'రామరాజు చరిత్ర'లో రాఘవగారు ధరించినది విజయనగర వీరుని పాత్ర గాదు. పఠాను రుస్తుము పాత్ర. హంపీ శిథిలములు బళ్ళారికి దూరము గావు; ఆ సీమవారికి తళ్ళికోట యుద్ధము పుస్తకములోని మాట గాదు, బండిపై పోయి చూచివచ్చు రాళ్ళు. అట్టి ప్రేక్షకుల యెదుట పఠానును పరిహాసపాత్రముగనో క్రూరమృగముగనో చూపినచో చప్పట్లు తేలికగా దొరకును. ఆ పాత్రకు ఆయన మానుషగౌరవము నిచ్చిరనుటకు, అది ఆయన పేరుతో విడదీయరానిదై నిలుచుటయే నిదర్శనము. తరువాత ప్రభుత్వము ఆ నాటకమును నిషేధించెను. మతద్వేషము రేగునను భయము నాటకమునకు అప్పుడును కలదు, ఇప్పుడును కలదు. ఆ భయమునకు నిషేధము ఒక సమాధానము. ప్రతిపక్షి మనస్సులో జొచ్చి చూపగల నటుడు వేఱొక సమాధానము. 1927లో గాంధీ మహాత్ముడు చూచిన 'దీనబంధు కబీరు' హిందీ నాటకమునందును రాఘవగారే కబీరు. పఠానును కబీరును ఒకే మనుష్యుడు ధరించుట ఆ దశాబ్దములో చిన్నసంగతి గాదు.

ఇక స్త్రీపాత్రల విషయము. ఇచ్చట కొంత నిలువవలెను. ఏలన మన గృహములను నేరుగ తాకు విషయమిది.

తెలుగు రంగమునకు స్త్రీలను దెచ్చినది రాఘవగారని చెప్పుట సురభివారికి అన్యాయము. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున 'కీచకవధ'తో ఆరంభమైన ఆ కుటుంబములలో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట వాడుకయైనది. తల్లి ద్రౌపది, కుమార్తె ఉత్తర, వెనుక తెరలాగునది అత్త. రాఘవగారు నటుడుగా పేరొందకమునుపే ఊరూర డేరాలలో ఆ స్త్రీలు ఆడుచు పాడుచు బిడ్డలను గనుచు తిరుగుచుండిరి. వారిని మన చరిత్రకారులు లెక్కించలేదు. కారణము స్పష్టము. వారు జీవనమునకై ఆడువారు. మధ్యతరగతి ఇండ్లవారు గారు. రాఘవగారు కోరినది వేఱు. చదువుకొన్న ఇండ్ల స్త్రీలు, కులస్త్రీలని లోకము పిలుచువారు, రంగముపై నిలువవలెనని ఆయన కోరిరి. కొమ్మూరి పద్మావతీదేవివంటివారు ఆయనతో కలసి నటించిరి. ఇది ధైర్యమే. కాని దీనిని స్త్రీల ప్రథమప్రవేశమని పిలిచినచో, డేరాలోని స్త్రీ స్త్రీయే కాదని మనమే తీర్పు చెప్పినట్లు. కళకు గౌరవము గౌరవనీయుల యిండ్లనుండియే రావలెనను భావము సంస్కర్తలలోను ఎంత లోతుగా నుండెనో దీనివలన తెలియుచున్నది.

అయినను రాఘవగారి వాదములోని సారము చెడలేదు. ఆయన ఎదుట నిలిచినది సామాన్యమైన ప్రత్యర్థి గాదు. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచినవారు స్త్రీలుకూడ ఆ నడక నేర్చుకొనదగినదనిరి. పురుషుడు స్త్రీవేషము ధరించుట మోటుపనియని కొట్టివేయుట తెలివితక్కువ, స్థానమువారిది మహాకళ. కాని ఆ కళ ఎవరిని చూపినది? పురుషుడు కోరు స్త్రీని. పురుషునికి తెలిసిన అలుకను, ఓరచూపును, జడవిసురును. ఇంటిలో రాత్రి దీపమార్పి వంటయిల్లు కడుగు స్త్రీ యేమి తలచుచున్నదో ఆ కళకు తెలియదు; తెలియవలసిన పనియు లేదు. నాటకము పురాణమున నున్నంతకాలము ఈ లోటు కనబడలేదు. సాంఘిక నాటకము రాగానే బయటపడెను.

పాకాల వేంకట రాజమన్నారుగారి 'తప్పెవరిది' నాటకమును రాఘవగారు రంగమునకు దెచ్చుటలోని ప్రాముఖ్యమిదే. ఆ నాటకకర్తయు న్యాయవాదియే; తరువాత చెన్నపురి ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను; 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడయ్యెను. గృహమున భార్యాభర్తల నడుమ తప్పెవరిదని పేరులోనే ప్రశ్నించు నాటకమున భార్యపాత్రను మీసము గీసికొన్న పురుషుడు ధరించినచో ప్రశ్న నవ్వులపాలగును. రాఘవగారి పట్టుదల కేవలము నీతిసంబంధమైనది గాదు, కళాసంబంధమైనది. అర్థమే ప్రధానమైనచో, ఆ యర్థమును అనుభవించిన శరీరము రంగముపై నుండవలెను. రాగమును తగ్గించుమనిన వాదమును స్త్రీని రమ్మనిన వాదమును రెండు గావు, ఒకటే. ఈ సంబంధమును జయంతిసభల మూడు వాక్యములు విడదీసినవి.

నేడు స్త్రీలు నటించుచున్నారు గదా, వాదము తీరినది గదా యందురేమో. పాఠశాల వార్షికోత్సవమున బాలికను రంగమెక్కించి చప్పట్లు కొట్టు తండ్రియే, పదునెనిమిదేండ్లు నిండి ఆ బాలిక నాటకసమాజమున చేరెదననగా మౌనము వహించును. సురభి డేరాను లెక్కింపని చూపే ఆ మౌనములోను ఉన్నది.

ఆయన యాశయమునకు వృత్తి గట్టిన హద్దును గూర్చి చెప్పెదనంటిని. రాఘవగారు నటనమువలన జీవించినవారు గారు. బెంగుళూరులోని వినోదనాటకసంఘముతోడను, స్వంత మిత్రబృందముతోడను ఆడిరి. ప్రదర్శనముల వసూళ్ళను సత్కార్యములకు విరాళమొసగిరి. ఇందులకు లోకము చేతులు జోడించినది. నేనును జోడింతును. కాని విమర్శకుడు ఇంకొక సంగతి చూడవలెను. వన్స్ మోరు కేకకు లొంగకుండుటకు ఆయనకు గల స్వాతంత్ర్యము న్యాయవాదవృత్తి యిచ్చిన స్వాతంత్ర్యము. డేరా నటునికి ఆ రాత్రి వసూలు లేనిచో ఉదయము పొయ్యి రాజదు. వానిని పద్యము తగ్గింపుమనుట సులభమా? రాఘవగారు 1928లో ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండు దేశములకు పోయి భారతీయ నాటకకళను గూర్చి ఉపన్యసించిరి. అక్కడ నటనము జీవనోపాధియై, అభ్యాసమై, శాశ్వతశాలలుగలదై యుండుటను కనులార చూచిరి. ఆ మఱుసటి యేడు, 1929లో, తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడినది. దానికి ఊతయైనవారిలో సురభి నాటకసమాజపు వనారస గోవిందరావుగారు ముఖ్యులు. వినోదనటులును వృత్తినటులును ఒకచోట చేరిన ఆ ముహూర్తమున ఒక నటశిక్షణాలయము పుట్టి యుండవలసినది. పుట్టినది పోటీలు, పరిషత్తులు, బహుమానములు. 1946 ఏప్రిలులో రాఘవగారు మరణించునాటికి వారికి అభిమానులు వేలు. శిష్యపరంపర మాత్రము లేదు. అర్థనటనము ఆయనతో పుట్టి ఆయనతోనే పోవు విద్యవలె కనబడెను.

చలనచిత్రములు ఆయన జీవితమున చివరి యధ్యాయము, చిన్నది. తెలుగున తొలి మాటలచిత్రమైన 'భక్త ప్రహ్లాద' (1932) రామకృష్ణమాచార్యులవారి నాటకమే. సురభివారు ఆడుచుండిన రూపమునే హెచ్.ఎం.రెడ్డిగారు చిత్రించిరి. సురభి కమలాబాయి అందు లీలావతి. అనగా రాఘవగారి మేనమామ నాటకమును, చరిత్రకారులు లెక్కింపని సురభి స్త్రీయును ఆయనకంటె ముందే తెరపై కెక్కిరి! ఆయన వచ్చినది 1936లో, ఏబదియాఱేండ్ల వయస్సున, 'ద్రౌపదీ మానసంరక్షణము'న దుర్యోధనుడుగా. అదే యేడు అదే కథతో వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణము' దానిని ఓడించెను. ఆ పోటీచిత్రమున దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణగారు. ప్రేక్షకులకు ఇంకను పద్యమే కావలసియుండెను. 1940 నాటి 'చండిక'లో కన్నాంబగారి ప్రక్కన నటించిరి. దానిని గూర్చి చెప్పదగినది తక్కువ.

నడుమ వచ్చిన 'రైతుబిడ్డ' (1939) మాత్రము వేఱు. అంతకు ముందటి యేడు 'మాలపిల్ల'ను తీసిన గూడవల్లి రామబ్రహ్మముగారే దీనికి దర్శకులు. రాఘవగారికి ఇచ్చిన పాత్ర నర్సిరెడ్డి యను చిన్నరైతు. షావుకారుకు అప్పుపడి, ఎన్నికలలో తన మనసున కొప్పినవారికి ఓటువేసి, అందులకు బాధలుపడువాడు. కిరీటము లేదు, గద లేదు, సభామధ్యమున ప్రగల్భము లేదు. ఆయన జీవితమంతయు రాజపాత్రలలో వెదకిన అర్థమునకు ఒక పంచె కట్టిన మనుష్యుడు అరువదవ యేట దొరకెను. వ్యావహారిక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తిపంతులుగారి కుమారుడు సీతాపతిగారు ఆ చిత్రమున నటించుట, రాఘవగారితో రంగమెక్కిన పద్మావతీదేవిగారు అందుండుట, కొసరాజుగారు రైతు పాటలు వ్రాయుట చూడగా, సంస్కారోద్యమపు పాయలన్నియు ఒక రీలులో కలసినట్లు తోచును. చల్లపల్లి జమీందారుగారి ధనసాహాయ్యము గల సంస్థ తీసిన యీ చిత్రము తక్కిన జమీందారులకు కోపము దెప్పించెను. కొన్నిచోట్ల ప్రదర్శనము నిషేధింపబడెను. రాఘవగారి నాటకమొకటి నిషిద్ధమైనది, చిత్రమొకటి నిషిద్ధమైనది. రెండింటను ఆయన పాటకుగా నియమింపబడలేదు, మాటకుగా నియమింపబడిరి.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆయన పేరిటి కళామందిరము ఆ యూరనే యున్నది. సరిహద్దు ఇటు జరిగినందున మనకు ఆయన పేరు మిగిలినది, ఊరు దూరమైనది.

శిష్యపరంపర లేదంటిని. కాని విద్య నశింపలేదని నా యూహ. అది వేఱొక త్రోవను వచ్చినది. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను వినోదసంఘమొకటి యుండెను. అందు షేక్స్పియరు పాత్రలును సాంఘికపాత్రలును ధరించి నలిగినవాడు సామర్ల వేంకట రంగారావుగారు. ఆయన రాఘవగారికి శిష్యుడు గాడు. అయినను ఆంగ్లనాటకము చదివి, గొంతుకంటె కనుబొమను నమ్మి, ప్రతినాయకునిలోను మనుష్యుని వెదకిన ఆ రీతి రాఘవగారి రీతియే. 'నర్తనశాల'లోని కీచకుడు జకార్తా చిత్రోత్సవమున బహుమానము పొందుట చదువరులెఱిగినదే. ఇందులకు యంత్రమును సాయపడెను. నేపథ్యగానము వచ్చుటతో పద్యము పాడువాడొకడు, ముఖము చూపువాడొకడు ఐరి. 'మాయాబజారు' ఘటోత్కచుని పాట మాధవపెద్ది సత్యముగారి గొంతు, ఘటోత్కచుడు రంగారావుగారు. నటుడు రాగము బరువు దించుకొని అర్థమును మోయుటకు స్వేచ్ఛ పొందెను. రాఘవగారు జీవితమంతయు వాదించి సాధింపలేని విభజనమును ధ్వనిపట్టిక మౌనముగా సాధించినది. ఆయన చూచియుండినచో సంతోషించియుండునో లేదో చెప్పలేను. పరుల గొంతుకు పెదవులు కదపుట ఆయనకు రుచించునని తోచదు.

1967లో 'భక్త ప్రహ్లాద' మఱల చిత్రమై వచ్చెను. బళ్ళారిలో మేనమామ వ్రాసి, మేనల్లుడు ధరించిన హిరణ్యకశిపుడు ఈసారి రంగారావుగారు. లీలావతి అంజలీదేవిగారు. ఆమెయు కాకినాడ హ్యాపీ క్లబ్బున నాటకములాడి వచ్చినవారే.